అనువర్తిత పరిశోధనా సంస్థలు: నిధులు, పరిశ్రమతో పొత్తు

గాజు ఫ్లాస్కులో కుదిరిన రసాయన చర్య కర్మాగారంలోని వేల లీటర్ల రియాక్టరులోనూ అలాగే కుదురుతుందన్న భరోసా ఉండదు. ఫ్లాస్కులో ఇట్టే చల్లారే వేడి రియాక్టరులో అంత తేలిగ్గా చల్లారదు. కలియబెట్టడం అంతటా సమంగా సాగదు. మలినాలు పెరుగుతాయి. వాడిన ద్రావణిని తిరిగి రాబట్టుకోకపోతే ఖర్చు గిట్టదు. ఇలాంటి చిక్కులు విప్పి, తెలిసిన శాస్త్రాన్ని పనికొచ్చే వస్తువుగానో పద్ధతిగానో మలిచే సంస్థలను అనువర్తిత పరిశోధనా సంస్థలు అంటారు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సొసైటీ, నెదర్లాండ్స్‌లో టీఎన్‌ఓ, తైవాన్‌లో ఐటీఆర్‌ఐ, మన దేశంలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) ప్రయోగశాలలు ఈ కోవలోవి. వీటికి డబ్బు కొంత ప్రభుత్వం నుంచి, కొంత పరిశ్రమ నుంచి వస్తుంది. ఆ రెంటి పాళ్లు ఎలా ఉండాలన్న ప్రశ్న వీటి చరిత్ర పొడవునా వినిపిస్తూనే ఉంది.

డబ్బు రకాలు

సంస్థకు వచ్చే డబ్బును దానితో పాటు వచ్చే షరతులను బట్టి విడదీయవచ్చు. మొదటిది మూల నిధి. ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు ఇది. ఫలానా ఫలితం తేవాలన్న షరతు దీనికి ఉండదు. జీతాలు, భవనాలు, యంత్రాలు దీనితోనే నడుస్తాయి. ఇంకా ఏ కంపెనీ అడగని విషయాల మీద పని మొదలుపెట్టేదీ దీనితోనే. రెండోది ప్రభుత్వ శాఖలు పోటీ పెట్టి ఇచ్చే ప్రాజెక్టు నిధి. మూడోది పరిశ్రమ తన అవసరం కోసం చెల్లించే కాంట్రాక్టు సొమ్ము. పేటెంట్ల మీద వచ్చే లైసెన్సు రుసుములు, రాయల్టీలు నాలుగోవి. అవి ఆలస్యంగా వస్తాయి, కొద్ది సంస్థలకే దండిగా వస్తాయి.

మూల నిధి ఎందుకన్నది చాలామంది విధాన కర్తలు తేలిగ్గా తీసుకునే సంగతి. ఒక కంపెనీ ఒక ప్రయోగశాల గడప తొక్కుతుందంటే, తనకు తెలియనిది అక్కడివాళ్లకు అప్పటికే తెలుసన్న నమ్మకంతోనే. ఆ తెలివిడి అంతకు ముందు పదేళ్లలో, అడిగేవాళ్లు లేనప్పుడు, మూల నిధితో కూడినది. రైతు విత్తనాలకని దాచుకున్న గింజల లాంటివి ఆ నిధులు. వాటిని తగ్గించి కాంట్రాక్టులతోనే బతకమంటే సంస్థ కొన్నేళ్లపాటు బాగానే కనిపిస్తుంది. పాత పరిజ్ఞానం అమ్ముడుపోతూ ఉంటుంది కదా. ఆ తర్వాత అది నమూనాలు పరీక్షించి సర్టిఫికెట్లు ఇచ్చే కేంద్రంగా మిగిలిపోతుంది. అలాగని మొత్తం గ్రాంటు మీదే నడిస్తే పరిశ్రమకు ఏం కావాలో పట్టించుకోవలసిన అవసరమే దానికి కలగదు.

సాంకేతికత ఎంత పక్వానికి వచ్చిందో చెప్పడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తొమ్మిది మెట్ల కొలమానం రూపొందించింది. ఇప్పుడు చాలా దేశాల నిధుల సంస్థలు దాన్నే వాడుతున్నాయి. విశ్వవిద్యాలయాలు ఎక్కువగా మొదటి మూడు మెట్ల దగ్గర ఆగిపోతాయి. కంపెనీలు ఏడో మెట్టు నుంచి ఆసక్తి చూపుతాయి. మధ్యలోని నాలుగు, ఐదు, ఆరు మెట్లలో పైలట్ ప్లాంటు, నమూనా యంత్రం, నెలల తరబడి పరీక్షలు ఉంటాయి. ఖర్చు పెరిగేది అక్కడే. ఫలితం మీద నమ్మకం ఇంకా కుదరనిదీ అక్కడే. అనువర్తిత పరిశోధనా సంస్థల అసలు చోటు అది.

తొలి ప్రయత్నాలు

పూర్తిగా కంపెనీల డబ్బుతో నడిచిన పద్ధతికి పేరున్న ఉదాహరణ అమెరికాలోని మెలన్ ఇన్‌స్టిట్యూట్. రాబర్ట్ కెనెడీ డంకన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆలోచనతో 1913లో పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. ఒక కంపెనీ తన సమస్య మీద పనిచేయడానికి ఒక శాస్త్రవేత్త ఖర్చంతా భరిస్తుంది. ఫలితాలు కంపెనీకి చెందుతాయి. ఈ ఫెలోషిప్ పద్ధతి కొన్ని దశాబ్దాలు బాగా సాగింది. పెద్ద కంపెనీలు సొంత ప్రయోగశాలలు కట్టుకోవడంతో గిరాకీ పలచబడింది. 1967లో ఆ సంస్థ కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీతో కలిసిపోయి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమైంది.

బ్రిటన్ దారి వేరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఒకే రంగంలోని కంపెనీలు చందాలు వేసుకుని ఉమ్మడి పరిశోధనా సంఘం పెట్టుకుంటే అందుకు తగ్గట్టు ప్రభుత్వం కూడా కొంత వేసే పథకం తెచ్చింది. చిన్న కంపెనీలకు ఇదే అనువైన పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చాక మన నేత మిల్లులకు ఈ దారే పనికొచ్చింది. విక్రమ్ సారాభాయ్ చొరవతో 1947లో అహ్మదాబాద్‌లో పుట్టిన అటిరా, 1956లో కోయంబత్తూరులో వచ్చిన సిట్రా, మిల్లుల చందాలతోనూ ప్రభుత్వ గ్రాంటుతోనూ నడిచాయి. నూలు తెగడం, మగ్గం వేగం, తేమ శాతం లాంటివి అన్ని మిల్లులకూ ఒకేలా ఎదురయ్యే సమస్యలు. వాటికి జవాబు దొరికితే ఏ ఒక్క మిల్లుకో గుత్తగా దక్కదు. అందుకే ఒక్కొక్కరు విడిగా డబ్బు పెట్టరు, కలిస్తే పెడతారు.

ఫ్రౌన్‌హోఫర్ నమూనా

అనువర్తిత పరిశోధన నిధుల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా జర్మనీ ప్రస్తావన వస్తుంది. ఫ్రౌన్‌హోఫర్ సొసైటీ 1949 మార్చి 26న మ్యూనిక్‌లో ఏర్పడింది. సూర్యకాంతి వర్ణపటంలోని నల్లని గీతలను నమోదు చేసిన జోసెఫ్ ఫాన్ ఫ్రౌన్‌హోఫర్ (1787–1826) పేరు దానికి పెట్టారు. ఆయన గాజు తయారీ నేర్చిన పనివాడు, శాస్త్రవేత్త, వ్యాపారం నడిపినవాడు కూడా. పేరు ఎంపికలోనే సంస్థ ఉద్దేశం ఉంది.

ఆరంభంలో దానికి సొంత ప్రయోగశాల ఏదీ లేదు. విరాళాలు పోగుచేసి పరిశ్రమకు ఉపయోగపడే పరిశోధనలకు పంచేది. సొంత సంస్థ మొదటిది 1954లో మాన్‌హైమ్‌లో వచ్చింది. ఆ దశాబ్దంలో దాన్ని నిలబెట్టినది చాలావరకు రక్షణ శాఖ డబ్బు. మలుపు 1973లో వచ్చింది. సంస్థకు ఇచ్చే మూల నిధి అది బయట సంపాదించుకునే కాంట్రాక్టుల మీద ఆధారపడి ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఎంత సంపాదిస్తే గ్రాంటు అంతగా పెరుగుతుంది. సాధారణంగా ప్రభుత్వాలు దీనికి తలకిందులుగా ఆలోచిస్తాయి: మీకు సొంత రాబడి వస్తోంది కదా, గ్రాంటు తగ్గిస్తాం అంటాయి. అలా తగ్గించినచోట సంపాదించాలన్న ఉత్సాహం ఎవరికి మిగులుతుంది? జర్మనీ నిర్ణయంలోని అసలు తెలివి ఈ తిరగవేతలోనే ఉందని నా అభిప్రాయం.

2023 నాటికి ఫ్రౌన్‌హోఫర్ కింద 76 సంస్థలు, సుమారు 32 వేల మంది సిబ్బంది, ఏడాదికి 3.4 బిలియన్ యూరోల వ్యయం ఉన్నాయి. స్థూలంగా మూడో వంతు మూల నిధి. మిగతాదంతా పరిశ్రమ కాంట్రాక్టులు, ప్రభుత్వ, ఐరోపా ప్రాజెక్టులు, లైసెన్సుల రాబడి. మూల నిధిలో 90 శాతం కేంద్రం, 10 శాతం రాష్ట్రాలు భరిస్తాయి. సొసైటీ లోపల ఆ నిధిని సంస్థలకు పంచే సూత్రం ఇంకా ఆసక్తికరం. పరిశ్రమ నుంచి వచ్చే ఆదాయం బడ్జెట్‌లో 25 నుంచి 55 శాతం మధ్య ఉన్న సంస్థకు ఎక్కువ ప్రోత్సాహం దక్కేలా చాలా కాలం లెక్క కట్టారు. అంతకంటే తక్కువైతే పరిశ్రమకు దూరమైనట్టు. అంతకంటే ఎక్కువైతే రేపటి పని మాని నేటి కొలువులో మునిగినట్టు. అతిగా సంపాదించినా ప్రోత్సాహం తగ్గించే సూత్రం మరో దేశం అంత స్పష్టంగా రాసుకున్నట్టు కనబడదు.

దాదాపు ప్రతి సంస్థ డైరెక్టరూ పక్కనున్న విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు కూడా. దాంతో విద్యార్థులు మాస్టర్స్, పీహెచ్‌డీ పనులు ఫ్రౌన్‌హోఫర్ ప్రాజెక్టుల్లోనే చేస్తారు. కంపెనీ ఇంజినీర్లతో కూర్చుని గడువులు, ఖర్చులు బేరమాడడం నేర్చుకుంటారు. కొన్నేళ్లకు చాలామంది అదే పరిశ్రమలోకి వెళ్లిపోతారు. పేటెంటు పత్రాలు, నివేదికలు మోసుకెళ్లలేని పరిజ్ఞానాన్ని ఆ మనుషులు మోసుకెళతారు. వాళ్ల స్థానంలోకి కొత్తవాళ్లు వస్తారు. ఈ వలస సంస్థకు నష్టమని ఎవరూ అనుకోరు, అది వాళ్ల విధుల్లో ఒకటి.

మేధోహక్కుల విషయంలో వాళ్ల సాధారణ పద్ధతి ఇది: డబ్బు పెట్టిన కంపెనీకి తన రంగం మేరకు ప్రత్యేక వినియోగ హక్కు ఉంటుంది, పేటెంటు యాజమాన్యం మాత్రం ఫ్రౌన్‌హోఫర్‌దే. ఒకరి కోసం చేసిన పని మరో రంగంలో మరొకరికి ఉపయోగపడే వీలు అలా మిగులుతుంది.

ఫ్రౌన్‌హోఫర్ పనికి పేరుమోసిన ఉదాహరణ ఎంపీ3. ధ్వనిని కుదించే ఈ పద్ధతి ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ పీహెచ్‌డీ పనితో ముడిపడి, అక్కడి ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో ఎదిగింది. 1987లో మొదలైన డిజిటల్ రేడియో ప్రాజెక్టు వంటి ఐరోపా ఉమ్మడి పథకాల డబ్బు దానికి తోడైంది. 1990ల మొదట్లో అంతర్జాతీయ ప్రమాణంగా ఖరారయింది. 1995 జూలైలో ఫైళ్లకు ఎంపీ3 అన్న తోక పేరు పెట్టుకున్నారు. మొదటి చేతి ప్లేయర్లు 1998లో కొరియా కంపెనీ నుంచి వచ్చాయి. జర్మన్ పరిశ్రమ ఆ అవకాశం అందుకోలేదు. అయినా లైసెన్సు రుసుములు ఏళ్ల తరబడి ఫ్రౌన్‌హోఫర్‌కు అందాయి. ఆ సొమ్ముతో 2008లో భవిష్యత్ పరిశోధనల కోసం ఒక ఫౌండేషన్ పెట్టారు. లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది. సంస్థ లాభపడడం, ఆ దేశ పరిశ్రమ లాభపడడం ఒకటే కాదని ఈ ఉదంతం చూపింది.

లోపాలు లేవని కాదు. 2023లో జర్మనీ ప్రభుత్వ ఆడిట్ వ్యవస్థ ఫ్రౌన్‌హోఫర్ పై స్థాయి ఖర్చులను గట్టిగా తప్పుపట్టింది, అదే ఏడు నాయకత్వం మారింది. సొంత రాబడి ఎక్కువగా ఉన్న సంస్థలో ప్రజాధనం ఎక్కడ ముగుస్తుందో, సంపాదన ఎక్కడ మొదలవుతుందో పద్దుల్లో వేరు చేయడం కష్టం. పర్యవేక్షణ సడలే అవకాశం అక్కడే ఉంటుంది.

కొరియా, తైవాన్

దక్షిణ కొరియా 1966లో అమెరికా సాయంతో కిస్ట్ అనే పరిశోధనా సంస్థను స్థాపించింది. విదేశాల్లోని కొరియన్ శాస్త్రవేత్తలను స్వదేశీ ప్రొఫెసర్ల కంటే ఎక్కువ జీతాలిచ్చి రప్పించారు. తైవాన్ 1973లో ఐటీఆర్‌ఐని నెలకొల్పింది. అది 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్పుల తయారీ పరిజ్ఞానం కొని, తన ఇంజినీర్లను అక్కడికి శిక్షణకు పంపి, తిరిగొచ్చాక నమూనా కర్మాగారం నడిపింది. 1980లో అందులోంచి యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ విడిపడ్డాయి. టీఎస్‌ఎంసీని స్థాపించిన మోరిస్ చాంగ్ అప్పటికి, 1985 నుంచి, ఐటీఆర్‌ఐ అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ కంపెనీ తొలి పెట్టుబడిలో దాదాపు సగం ప్రభుత్వానిది, నాలుగో వంతుకు పైగా ఫిలిప్స్‌ది. ఇక్కడ పరిశోధనా సంస్థ ఉన్న పరిశ్రమకు సేవ చేయలేదు, లేని పరిశ్రమను పుట్టించింది. యంత్రాలతో, మనుషులతో సహా ఒక విభాగాన్ని బయటికి పంపేసే ధైర్యం చాలా ప్రభుత్వ సంస్థలకు ఉండదు.

సీఎస్‌ఐఆర్

భారతదేశంలో ఈ కథ లాహోరులో మొదలైందనవచ్చు. 1930లలో అటక్ ఆయిల్ కంపెనీ బావులు తవ్వుతుంటే తవ్వకానికి వాడే బురద ఉప్పునీటి పొరలు తగిలి గట్టిపడి పని ఆగిపోయేది. లాహోరులోని రసాయన శాస్త్రవేత్త శాంతి స్వరూప్ భట్నాగర్ ఆ బురదలో ఒక దేశీయ జిగురు కలిపి చిక్కదనం తగ్గించే మార్గం చూపారు. దాని వెనకున్న స్టీల్ బ్రదర్స్ కంపెనీ ఆయనకు లక్షా యాభై వేల రూపాయలు ఇవ్వజూపితే, ఆ మొత్తాన్ని విశ్వవిద్యాలయంలో పెట్రోలియం పరిశోధనకు కేటాయించమన్నారు. పరిశ్రమ సొమ్ము పరిశోధనా వ్యవస్థలోకి మళ్లించడం మన దేశంలో ఎలా ఉండాలో ఆయన స్వయంగా చేసి చూపారు.

1941లో ప్రభుత్వం పారిశ్రామిక పరిశోధన నిధికి ఏడాదికి 10 లక్షల రూపాయల చొప్పున ఐదేళ్లకు మంజూరు చేసింది. 1942 సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ ఏర్పడింది. ఇప్పుడు దాని కింద 37 జాతీయ ప్రయోగశాలలు ఉన్నాయి. వాటి ఆవిష్కరణలను లైసెన్సు చేయడానికి 1953లో ఎన్‌ఆర్‌డీసీ వచ్చింది. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ గేదె పాల నుంచి శిశు ఆహారం తయారుచేసే పద్ధతి కనిపెట్టి అమూల్‌కు అందించింది. దుర్గాపూర్ సీఎంఈఆర్‌ఐ రూపకల్పన స్వరాజ్ ట్రాక్టరైంది. జాతీయ భౌతిక ప్రయోగశాల చేసిన సిరా 1962 నుంచి ఓటరు వేలి మీద పడుతోంది.

ఇవి గర్వకారణాలే. కానీ మొత్తం మీద ప్రయోగశాలలకూ పరిశ్రమకూ మధ్య దూరం ఉండిపోయింది. రక్షిత మార్కెట్‌లో ఉన్న కంపెనీకి విదేశీ భాగస్వామి దగ్గర తయారుగా ఉన్న పరిజ్ఞానం కొనుక్కోవడం తేలిక. పైలట్ దశ దాటని దేశీ పద్ధతిని తీసుకుని ఆ నష్టభయం తానెందుకు మోయాలి? 1986లో ఆబిద్ హుస్సేన్ కమిటీ, ప్రయోగశాలలు ఖర్చులో మూడో వంతు బయటి నుంచి తెచ్చుకోవాలని సిఫారసు చేసింది. 1995 నుంచి డైరెక్టర్ జనరల్‌గా ఉన్న ఆర్.ఎ. మాషెల్కర్ ఆ దిశగా పేటెంట్ల మీద, విదేశీ కాంట్రాక్టుల మీద బాగా పట్టుపట్టారు. పుణే ఎన్‌సీఎల్ తన పాలీకార్బొనేట్ పేటెంటును అమెరికా కంపెనీ జీఈకి లైసెన్సు ఇచ్చింది ఆ దశాబ్దంలోనే. 2015 నాటి డెహ్రాడూన్ ప్రకటన ఇంకా ముందుకెళ్లి, రెండేళ్లలో సగం ఖర్చు సొంతంగా సంపాదించుకోమంది. ఫ్రౌన్‌హోఫర్ నమూనాలో సంపాదనకు గ్రాంటు తోడవుతుంది. ఇక్కడ గ్రాంటు స్థానంలో సంపాదన రావాలన్నారు. రెంటి మధ్య తేడా అంకెల్లో చిన్నదిగా కనిపించవచ్చు, శాస్త్రవేత్తల రోజువారీ పనిలో మాత్రం చాలా పెద్దది.

హైదరాబాద్ అనుభవం

నిజాం ప్రభుత్వం 1944లో హైదరాబాద్‌లో కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక ప్రయోగశాలలను స్థాపించింది. అదే 1956లో సీఎస్‌ఐఆర్‌లో చేరి రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. తార్నాక చుట్టుపక్కల ఇప్పటికీ చాలామంది ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. 1989లో ఐఐసీటీగా పేరు మారింది. అందులోని జీవరసాయన విభాగం నుంచే 1977లో సీసీఎంబీ విడిగా రూపుదిద్దుకుంది.

1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందు అణువుకు కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. దాంతో వేరే పద్ధతిలో అదే మందు చేయగల రసాయన శాస్త్రవేత్తకు ఒక్కసారిగా విలువ పెరిగింది. ఆర్‌ఆర్‌ఎల్, పుణే ఎన్‌సీఎల్ అలాంటి పద్ధతులకు పుట్టిళ్లయ్యాయి. గుంటూరు నుంచి వచ్చిన ఎ.వి. రామారావు 1985 నుంచి 1995 వరకు డైరెక్టరుగా ఉండగా, ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని ఇక్కడ రూపొందించి సిప్లాకు ఇచ్చారు. సిప్లా 2001లో మూడు మందుల కలయికను రోగికి ఏడాదికి 350 డాలర్లకు ఇవ్వజూపి ప్రపంచాన్ని కదిలించగలిగింది. దాని వెనక ఏళ్ల తరబడి కూడిన ఈ తయారీ నైపుణ్యం ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: హైదరాబాద్ బల్క్ డ్రగ్ కంపెనీల్లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో, ప్రయోగశాలల్లో పనిచేసి వచ్చిన రసాయన శాస్త్రవేత్తలు ఉండేవారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కె. అంజిరెడ్డి ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. పరిజ్ఞానం ఇచ్చేవాళ్లు ఎంత ముఖ్యమో, అవతలి గదిలో దాన్ని అందుకుని అర్థం చేసుకునేవాళ్లు ఉండడం అంత ముఖ్యం. చాలా రంగాల్లో మన ప్రయోగశాలలకు దొరకనిది ఈ రెండో మనిషే.

ఇలాంటి ప్రయోగశాలకు కంపెనీతో పని సాధారణంగా గోప్యతా ఒప్పందంతో మొదలవుతుంది. తర్వాత ప్రాజెక్టు ఏ తరహాదో తేల్చుకుంటారు. స్పాన్సర్డ్ ప్రాజెక్టు అయితే ఖర్చంతా కంపెనీది, ఉమ్మడి ప్రాజెక్టు అయితే ఖర్చూ ఫలితమూ పంచుకుంటారు. కన్సల్టెన్సీ అంటే సలహా. రసాయనాలు, సిబ్బంది, యంత్రాల వాడకం, ఓవర్‌హెడ్ అన్నీ లెక్కగట్టి, వాయిదాల్లో చెల్లింపు రాసుకుంటారు. లైసెన్సుకు ఏకమొత్తం రుసుము, అమ్మకాల మీద రాయల్టీ రెండూ ఉండవచ్చు. రాయల్టీ అంటే ఏటా అమ్మకాల పద్దులు చూపించాలి. అది చాలా కంపెనీలకు రుచించదు, ఏకమొత్తమే ఇచ్చి వదిలించుకోవాలని చూస్తారు. వచ్చిన రుసుములో కొంత శాస్త్రవేత్తలకు, కొంత ప్రయోగశాల రిజర్వు నిధికి వెళుతుంది. బడ్జెట్ గ్రాంటు మార్చి 31కి ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. రిజర్వు మాత్రం నిలవ ఉంటుంది. అందుకే డైరెక్టర్లు ఈ చిన్న మొత్తాన్ని పెద్ద గ్రాంటు కంటే ప్రీతిగా చూసుకుంటారు.

చిక్కులు ఎక్కువగా ప్రచురణ దగ్గర వస్తాయి. శాస్త్రవేత్తకు పదోన్నతి పరిశోధన పత్రాల మీద ఆధారపడుతుంది. కంపెనీ మాత్రం ఏదీ బయటికి పొక్కకూడదంటుంది. మూడేళ్లు కంపెనీ పని బాగా చేసిన యువ శాస్త్రవేత్త బయోడేటాలో ఖాళీ కనిపిస్తుంది. మదింపు సంఘాలు కాంట్రాక్టు పనిని పత్రాలతో సమానంగా గుర్తించేవరకు ఇది తీరదు.

2005లో ఉత్పత్తి పేటెంట్లు వచ్చాక పద్ధతులు మార్చే పాత దారి ఇరుకైంది. ఐఐసీటీ పని కాంట్రాక్టు సంశ్లేషణ వైపు, కొత్త అణువుల వైపు, పర్యావరణ సాంకేతికత వైపు మళ్లింది. భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాగ్జిన్‌లో వాడిన సహాయక పదార్థానికి కావలసిన, రోగనిరోధక స్పందనను పెంచే అగోనిస్ట్ అణువును దేశంలోనే తయారుచేసే మార్గం ఐఐసీటీ ఇచ్చింది. ఆ అణువు మూల ఆవిష్కరణ అమెరికా ప్రభుత్వ నిధులతో అక్కడ జరిగింది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చెత్త నుంచి రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటు సాంకేతికత కూడా ఇక్కడిదే. అలాంటి పనికి ముందుగా డబ్బు కట్టే కంపెనీ ఉండదు, మున్సిపాలిటీలకూ మార్కెట్ కమిటీలకూ పరిశోధన బడ్జెట్ ఉండదు.

శాంతా బయోటెక్నిక్స్ కథ ప్రజాధనమూ పరిశ్రమా కలిసే తీరుకు మరో రూపం. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన ఆ కంపెనీ మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ ఆవరణలో పనిచేసింది. 1996లో ఏర్పడిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు రుణం అందింది. 1997లో హెపటైటిస్-బి టీకా మార్కెట్‌లోకి వచ్చింది. ప్రయోగశాల ఇచ్చినది పేటెంటు కాదు. చోటు, పరికరాలు, పక్క బల్ల మీద కూర్చున్న నిపుణులు.

పరిశ్రమ వంతు

2020–21 లెక్క ప్రకారం భారతదేశం పరిశోధన మీద పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో ప్రైవేటు రంగం వాటా సుమారు 36 శాతమే. దక్షిణ కొరియాలో మొత్తం ఖర్చు 5 శాతానికి దగ్గరగా ఉంది, అధిక భాగం కంపెనీలదే. సొంతంగా పరిశోధన చేయని కంపెనీ బయటి పరిశోధన కూడా కొనదు. మనవాళ్లు పన్ను రాయితీతో దీన్ని మార్చాలని చూశారు. జాతీయ ప్రయోగశాలకు చెల్లించిన సొమ్ముకు ఆదాయపు పన్ను చట్టంలోని 35(2ఏఏ) సెక్షన్ కింద ఒకప్పుడు రెట్టింపు మినహాయింపు దొరికేది. అది 2017 నుంచి ఒకటిన్నర రెట్లకు, 2020 నుంచి చెల్లించినంతకు మాత్రమే దిగింది. అంటే ప్రయోగశాలలను సంపాదించుకోమన్న కాలంలోనే వాటికి చెల్లించేవాళ్ల ప్రోత్సాహం తగ్గింది.

కేంద్ర మంత్రివర్గం 2025 జూలై 1న లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకాన్ని ఆమోదించింది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో ప్రత్యేక నిధి ఉంచి, అక్కడి నుంచి రెండో అంచె నిధి నిర్వాహకుల ద్వారా దీర్ఘకాలిక, తక్కువ వడ్డీ లేదా వడ్డీలేని రుణాలుగా, పెట్టుబడిగా ప్రైవేటు కంపెనీలకు ఇస్తారు. నాలుగో మెట్టు, ఆపైన ఉన్న సాంకేతికతలకే ఇది వర్తిస్తుంది. పైలట్ దశకు ఇంత పెద్ద డబ్బు మన దేశంలో ఇంతకు ముందు లేదు. అయితే అది కంపెనీ చేతికి వెళుతుంది. ప్రయోగశాలకు అందులోంచి పని రావాలంటే ఆ కంపెనీ కాంట్రాక్టు ఇవ్వాలి. నాలుగో మెట్టు వరకు ఆ సాంకేతికతను తేవడానికి అయ్యే ఖర్చు యథాప్రకారం సీఎస్‌ఐఆర్ వార్షిక గ్రాంటు నుంచీ, విశ్వవిద్యాలయాల ప్రాజెక్టు నిధుల నుంచీ రావాల్సిందే.